బాధకు సాక్షి యెవరు?

విరిగిన చేతిని నలుగురికి చూపవచ్చును. జ్వరము వచ్చినచో ఉష్ణమాపకమే చెప్పును. కాని తలనొప్పిని చూపుట యెట్లు? వచ్చినవానికి అది లోకమంతయు చీకటి. ప్రక్కనున్నవానికి వట్టి మాట. తలనొప్పి యనునది పని యెగవేయువాని సాకుగా మన యిండ్లలో సైతము నవ్వులాటకు దిగిన మాట. ఇట్టి కనబడని బాధను ప్రభుత్వము నెదుట నిరూపింపవలసి వచ్చినపుడు మనుష్యు డేమి చేయవలెను? తన బాధకు తానే లెక్క వ్రాసికొని, ఆ లెక్క చూపి ధన మడుగుట ధర్మమేనా? అమెరికాలోని మాజీ సైనికులలో నున్న యొక అలవాటును ఆధారముగా గొని యీ ప్రశ్నను విచారింతము.

ఇక్కడ తలనొప్పి యనగా కాఫీతో తగ్గునది కాదు. వైద్యులు మైగ్రేను అని పిలుచు పార్శ్వపు నొప్పి. దీనిని పోలిన రోగమునకు ఆయుర్వేదము అర్ధావభేదక మని పేరు పెట్టినది. గ్రీకుల హెమిక్రేనియా యను మాటనుండి మైగ్రేను అను పేరు పుట్టినది. రెండు పేర్లకును సగము తల యనుటయే మూలము. మందు పనిచేయనిచో ఈ నొప్పి సాధారణముగా 4 గంటలు మొదలు 72 గంటల వరకు నుండును. వెలుతురు సహింపదు, చప్పుడు సహింపదు, కడుపులో త్రిప్పును. కొందరికి నొప్పికి ముందు కన్నుల యెదుట మెరుపుగీతలు కదలును. తలుపు మూసికొని చీకటిలో పడియుండుట తప్ప రోగి వేరొండు చేయజాలడు. ఇరాకు, ఆఫ్ఘనిస్థాను యుద్ధములలో ప్రేలుళ్లకు లోనై తలకు దెబ్బ తగిలిన అమెరికా సైనికులలో ఇట్టి నొప్పులు విస్తారముగా కనబడినవి. పైగాయము మానినను లోపలిది మానలేదు.

సైన్యసేవలో కలిగిన వైకల్యమునకు ఆ దేశమున మాజీ సైనికుల వ్యవహారముల శాఖ నెలనెలా పరిహార మిచ్చును. వైకల్యమును నూటి కింత యని కొలుచుటకు నియమావళి కలదు. పార్శ్వపు నొప్పికి అందు నాలుగు మెట్లు: 0, 10, 30, 50. మనిషిని పడవేయునంతటి నొప్పి, గడచిన కొన్ని నెలల సగటున, రెండు నెలల కొకమారు వచ్చినచో 10. నెల కొకమారు వచ్చినచో 30. మిక్కిలి తరచుగా వచ్చి, చిరకాలము నిలిచి, పూర్తిగా పడవేసి, జీవనోపాధికి తీవ్రభంగము కలిగించునదైనచో 50. అంతకంటె అరుదైనచో 0. నొప్పిని తూచు త్రాసు లేదు కనుక చట్టము రెండు ప్రశ్నలను పట్టుకొన్నది: ఎన్నిమారులు వచ్చెను? వచ్చినపుడు మనిషి పడిపోయెనా? వీనికి ప్రత్యుత్తరము ఆసుపత్రి కాగితములలో దొరకుట అరుదు. కన్ను తెరువలేనివాడు బండి నడుపుకొని వైద్యుని యొద్దకు పోవునా?

అందుచే తలనొప్పికి డైరీ వ్రాయు అలవాటు ఏర్పడినది. తేది, నొప్పి మొదలైన వేళ, తగ్గిన వేళ, వాంతి యయ్యెనా, చీకటిగదిలో ఎంతసేపు పడుకొనెను, ఏ మందు ఎన్ని మాత్రలు వేసికొనెను, ఆనాడు పనికి పోయెనా మానెనా — ఇవియే అందలి గళ్లు. భార్యయో, తోడి యుద్యోగియో తాము కన్నది వ్రాసి యిచ్చినను శాఖ స్వీకరించును. సమకాలపు వైద్యపత్రము లేదను ఒక్క కారణముచే ఇట్టి మాటను నమ్మదగనిదిగా త్రోసివేయరాదని 2006లో అక్కడి ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది.

ఇచ్చటనే ధర్మసందేహము. తన లాభము కొరకు తానే వ్రాసికొనిన లెక్కను నమ్ముట యెట్లు? ఏ వ్యాజ్యమునందైనను లాభనష్టములు లేనివాని సాక్ష్యమునకే విలువ హెచ్చు. కాని నొప్పి విషయమున ఆ న్యాయము తలక్రిందులగును. లాభము లేనివానికి నొప్పి తెలియదు; నొప్పి తెలిసినవానికి లాభము లేకపోలేదు.

మన నైయాయికులు ఈ చిక్కును దూరమునుండి చూచినవారే. దుఃఖము ఆత్మగుణ మనియు, దానిని మనస్సే ప్రత్యక్షముగా గ్రహించు ననియు వారి సిద్ధాంతము. పరునికి నా దుఃఖము నా ముఖవైఖరిని బట్టి అనుమానముచేతనో, నా మాటచేతనో తెలియవలెను. మాట ప్రమాణము కావలె నన్నచో చెప్పువాడు ఆప్తుడు కావలెను. విషయమును సాక్షాత్తుగా నెరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పగోరువాడు ఆప్తుడు. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమే యని వాత్స్యాయనుడు న్యాయభాష్యమున చెప్పుట అతని విశాలబుద్ధికి తార్కాణము. ఈ లక్షణములో మొదటి సగము రోగికి పుట్టుకతో వచ్చినట్టిది. అతని నొప్పిని అతనికంటె బాగుగ నెరిగినవాడు లేడు. రెండవ సగము, అనగా ఎరిగినది ఎరిగినట్లు చెప్పుట, అతడు సాధింపవలసినది. ఆ సాధనకే డైరీ.

నిజాయితీపరునికి డైరీ యేల, జ్ఞాపకము చాలదా యని యడుగవచ్చును. చాలదు. మనస్తత్వశాస్త్రజ్ఞుడైన డేనియల్ కానెమన్ తన సహచరులతో కలిసి 1993లో ఒక ప్రయోగమును ప్రకటించెను. చేతిని 14 డిగ్రీల చల్లని నీటిలో 60 సెకండ్లుంచుట యొకటి. అట్లే 60 సెకండ్లుంచి, మరి 30 సెకండ్లు నీటిని క్రమముగా ఒక డిగ్రీ వెచ్చచేయుట రెండవది. దేనిని మరల భరింతురని యడుగగా హెచ్చుమంది రెండవదానినే కోరిరి. మొత్తము బాధ అందే యెక్కువ. కాని ముగింపు తేలికయగుటచే జ్ఞాపకము దానిని తక్కువగా తలచినది. బాధను అనుభవించినవాడు బొంకకపోయినను అతని జ్ఞాపకము బొంకవచ్చును. ఆనాటి మాటను ఆనాడే వ్రాసిన వ్రాత మాత్రమే ఈ దోషమునకు విరుగుడు.

ఇక ఆశ అనునది కలదు. ఒక మాజీ సైనికుడు ఆరునెలలుగా డైరీ వ్రాయుచున్నాడనుకొందము. మూడు నెలలలో నొప్పి అతనిని పడవేసినది. మూడు నెలలు సుఖముగా గడచినవి. సగటు రెండు నెలల కొకటి, మెట్టు 10. ఖాళీగానున్న మూడు దినములను నింపినచో మెట్టు 30. కలము చేతిలోనే యున్నది, చూచువారు లేరు. దీనికి ఎదురుదోషమును కలదు. సైన్యములో పండ్లు బిగించి నిలుచుట నేర్చినవాడు పడుకొనిన దినమును పడుకొంటినని వ్రాయుటకు సిగ్గుపడి, కొంచెము నొప్పి యని వ్రాయును. మొదటివాడు లేనిదానిని చేర్చెను, రెండవవాడు ఉన్నదానిని దాచెను. ఇద్దరును ఆప్తులు కారు. ఎక్కువ చెప్పుట అబద్ధమని మనకు తెలియును. తక్కువ చెప్పుటయు అబద్ధమే యని మరచి, దానికి ఓర్పు అని పేరు పెట్టుదుము.

అబద్ధపు డైరీ మొదట వంచించునది ప్రభుత్వమును కాదు, వైద్యుని. ఆ పుస్తకమునే చూచి అతడు మందు మార్చవలెను. సాధారణపు నొప్పిమాత్రలను నెలకు 15 దినములైనను, ట్రిప్టాను జాతి మాత్రలను 10 దినములైనను మూడు నెలలకు మించి వాడినచో ఆ మందే తలనొప్పిని పెంచవచ్చునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. లెక్క తప్పినచో ఈ ప్రమాదము కనబడదు. ఒకే పుస్తకము కచేరీకి ఒక ముఖమును, వైద్యునికి వేరొక ముఖమును చూపజాలదు. కావున డైరీలో మిక్కిలి విలువగలవి నొప్పి వ్రాసిన పుటలు కావు. నేడు నొప్పి లేదు అని వ్రాసిన పుటలు. తనకు లాభము లేని నిజమును వ్రాసినవాని మాటయే, లాభము కలిగించు నిజమును వ్రాసినపుడు కూడ నిలుచును.

సత్యము చెప్పుట రోగి ధర్మమైనచో నమ్ముట ప్రభుత్వధర్మము. సాక్ష్యము ఇరువైపుల ఇంచుమించు సమముగా తూగినపుడు సందేహఫలము మాజీ సైనికునికే చెందవలెనని అమెరికా చట్టమున స్పష్టముగా నున్నది. మన దేశమునను ఇట్టి న్యాయమే కలదు. చేరునాటి కాగితములలో జబ్బు నమోదు కానిచో సైనికుడు ఆరోగ్యముతోనే చేరినట్లు భావింపవలెననియు, అది సేవవలన కలుగలేదని చూపు భారము ప్రభుత్వముపై నుండుననియు, సందేహఫలము సైనికునికే దక్కవలెననియు 2013లో ధరమ్‌వీర్ సింగు వ్యాజ్యమున మన సుప్రీముకోర్టు చెప్పినది. అతని వ్యాధియు మూర్ఛ. చూపుటకు గాయము లేనిదే. బెంగుళూరు మద్రాసు శాపర్ల కేంద్రమునకును, నీలగిరులలోని వెల్లింగ్టను రెజిమెంటు కేంద్రమునకును చేరువనున్న మన కుటుంబములకు ఈ మాటలు పరదేశపు వార్తలు కావు.

బాధను చూపి ధన మడుగుట యాచనమా? కాదు. యాచకుడు దాత దయను కోరును. సైనికుడు మాట ప్రకారము రావలసిన బాకీ నడుగును. బాకీ యడుగువాడు లెక్క చూపవలెను. లెక్క చూపుట అవమానము కాదు. అవమానమెల్ల తప్పుడు లెక్కలోనే, లేదా సరియైన లెక్కను చూచియు నమ్మకపోవుటలోనే కలదు.

ఇది సైనికుల మాటగా విడువరాదు. మన యింటిలో తలుపు మూసికొని పడుకొనిన కోడలి తలనొప్పిని, చెప్పక యోర్చుకొను తాతగారి మోకాలినొప్పిని మన మెట్లు వినుచున్నాము? వారికి నిజము చెప్పు ధైర్యము రావలెనన్నచో, విన్నవారు నవ్వరను నమ్మకము ముందుగా కలుగవలెను. బాధకు మొదటి సాక్షి దానిని పడినవాడే. రెండవ సాక్షి, అతని మాటను గౌరవముతో విన్నవాడు. ఆ రెండవ సాక్షి దొరకనిచోట మొదటివాని సత్యము చీకటిగదిలోనే యుండిపోవును.