రాజీనామా చేస్తానన్న మాట

ఎన్నికల్లో ఓడిన నాయకుడు "ఇక చాలు, పదవి వదిలేస్తున్నాను, రాజకీయాలకు సెలవు" అని నలుగురి ముందూ ప్రకటిస్తాడు. వారం తిరక్కముందే ఆ మాట వెనక్కి తీసుకుంటాడు. అతడు అబద్ధమాడినట్టా? అన్నప్పుడు నిజంగానే అనుకుని ఉండవచ్చు కదా. పంచశీలలో నాలుగో శీలాన్ని రోజూ నోట పలికే మనం ఈ ప్రశ్నను టీవీ చర్చలకు వదిలేసి ఊరుకోలేం. శీలం మన వంటింటికే పరిమితమైనది కాదు.

కలకత్తాలో జరిగిన ఒక ఉదంతం ఈ విచారానికి బాగా పనికొస్తుంది. గాయకుడు బాబుల్ సుప్రియో 2014లోనూ 2019లోనూ అసన్‌సోల్ నుంచి బీజేపీ తరఫున లోక్‌సభకు గెలిచాడు, కేంద్రంలో సహాయమంత్రి అయ్యాడు. 2021 బెంగాల్ శాసనసభ ఎన్నికల్లో పార్టీ అతడిని కలకత్తాలోని టాలీగంజ్‌లో నిలబెట్టింది. సినిమా స్టూడియోలున్న పేట అది. అక్కడ తృణమూల్ అభ్యర్థి అరూప్ బిశ్వాస్ చేతిలో దాదాపు 50 వేల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. జులై 7న మంత్రి పదవీ పోయింది. జులై 31న ఫేస్‌బుక్‌లో వీడ్కోలు రాశాడు: రాజకీయాలు వదిలేస్తున్నాను, ఎంపీ పదవికీ రాజీనామా చేస్తాను, తృణమూల్‌కో కాంగ్రెస్‌కో సీపీఎంకో పోవడం లేదు, నేను ఒకే జట్టు మనిషిని, మోహన్ బగాన్ అభిమానిని అని. కలకత్తాలో ఫుట్‌బాల్ జట్టు పేరు చెప్పి మాట ఇవ్వడమంటే చిన్న సంగతి కాదు. అక్కడ మోహన్ బగాన్ ఇంట్లో పుట్టినవాడు ఈస్ట్ బెంగాల్ జెండా పట్టుకోవడం ఊహకందదు.

కొద్దిసేపటికే ఆ రాతలోంచి వేరే పార్టీలో చేరనన్న వాక్యం మాయమైంది. ఆగస్టు 2న పార్టీ అధ్యక్షుడు నడ్డాను కలిసి వచ్చాక, రాజకీయాల్లో ఉండను గానీ ఎంపీగా కొనసాగుతానన్నాడు. సెప్టెంబరు 18న తృణమూల్‌లో చేరాడు. అక్టోబరు 19న స్పీకరుకు రాజీనామా ఇచ్చాడు. 2022 ఏప్రిల్‌లో కలకత్తాలోనే బాలీగంజ్ ఉప ఎన్నికలో తృణమూల్ టికెట్ మీద గెలిచాడు, ఆగస్టులో రాష్ట్ర మంత్రి అయ్యాడు.

నవ్వడం సులువు. మన దగ్గర ఇలాంటివి లేవా? తెలుగు రాజకీయాల్లో దీనికి ఒక పేరే ఉంది, "రాజకీయ సన్న్యాసం". ఇల్లూ వాకిలీ వదిలి, జుట్టు తీయించుకుని భిక్షాపాత్ర పట్టినవాళ్ల మాటను, ఓడిపోతే ఇంట్లో కూర్చుంటానని పందెం కాయడానికి వాడుకుంటున్నారు. ఆ మాట నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. రాష్ట్రం విడిపోతే రాజకీయాలు వదిలేస్తానన్న లగడపాటి రాజగోపాల్ 2014 తర్వాత ఎన్నికల్లో నిలబడలేదు. పిఠాపురంలో పవన్ కళ్యాణ్ గెలిస్తే పేరు మార్చుకుంటానన్న ముద్రగడ పద్మనాభం 2024లో నిజంగానే గెజిట్ ద్వారా పద్మనాభ రెడ్డి అయ్యారు. మాట తప్పలేదు, ఒప్పుకోవలసిందే. అయితే ఆ మాట నిలబడడం వల్ల పిఠాపురంలో ఒక్క కూలివాడికైనా ఏం ఒరిగింది? అనకుండా ఉండవలసిన మాటలు కొన్ని ఉంటాయి. నిలబెట్టుకున్నా వాటికి విలువ రాదు.

ఇంకో సంగతి గుర్తుచేసుకోవాలి. 2011 జులైలో తెలంగాణ కోసం ఎమ్మెల్యేలు మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చినప్పుడు, అవి ఆవేశంలో ఇచ్చినవంటూ స్పీకరు నాదెండ్ల మనోహర్ తిరస్కరించారు. రాజ్యాంగమే అందుకు వీలిచ్చింది. 1974లో, గుజరాత్‌లో విద్యార్థి ఉద్యమం ఒత్తిడితో ఎమ్మెల్యేలు రాజీనామాలు చేసిన తరువాత, 33వ సవరణ తెచ్చారు. రాజీనామా ఇష్టపూర్వకంగా ఇచ్చినదీ నిజమైనదీ కాదనుకుంటే సభాపతి ఒప్పుకోనక్కర్లేదు. అంటే, బాధలో ఉన్న మనిషి అన్న మాటను పట్టుకుని అతడిని కట్టిపడేయకూడదని చట్టానికీ తెలుసు. మరి ధమ్మం ఏమంటుంది?

వినయ పిటకం మహావగ్గంలో ఉపనందుడనే శాక్య భిక్షువు కథ ఉంది. మన విహారాల్లో వర్షావాసం రోజుల్లో చెప్పుకోదగిన కథ గానీ ఎందుకో తక్కువగా వినిపిస్తుంది. ఉపనందుడు ఫలానా చోట వర్షావాసం గడుపుతానని కోసల రాజు పసేనదికి మాట ఇచ్చాడు. వెళుతుంటే దారిలో రెండు ఆవాసాలు కనిపించాయి. అక్కడ చీవర వస్త్రాలు బాగా దొరుకుతున్నాయి. రెండు చోట్లా ఉంటే ఎక్కువ బట్ట వస్తుందనుకుని అక్కడే ఉండిపోయాడు. రాజు నొచ్చుకున్నాడు. సంగతి బుద్ధుడి దాకా వచ్చింది. ఆయన ఉపనందుడిని గట్టిగా మందలించాడు. మాట ఇచ్చి కావాలని తప్పితే అది దుక్కటమనే దోషం అని నియమం పెట్టాడు.

ఇక్కడ అట్ఠకథ ఒక భేదం చెబుతుంది, అది మా ప్రశ్నకు సూటిగా తగులుతుంది. మాట ఇచ్చేటప్పుడు మనసు శుద్ధంగా ఉండి తరువాత తప్పితే దోషం దుక్కటం. ఇచ్చేటప్పుడే తప్పాలని మనసులో ఉంటే, అది తెలిసి ఆడిన అబద్ధం కూడా అవుతుంది, పాచిత్తియ దోషం తగులుతుంది. రెంటినీ ఒకే గాటన కట్టలేదు. అలాగని మొదటిదాన్ని క్షమించి వదిలేయనూ లేదు. "అప్పుడు నిజంగానే అనుకున్నాను" అన్న సమాధానం పెద్ద దోషాన్ని తప్పిస్తుంది, చిన్నదాన్ని తప్పించదు.

అదే అధ్యాయంలో ఇంకొకటి ఉంది. వర్షావాసం మొదలైన తరువాత వరదలొస్తే, నిప్పంటుకుంటే, దొంగలు పడితే, క్రూరమృగాలు వస్తే, తిండి దొరక్కపోతే ఆ చోటు వదిలి వెళ్లవచ్చు, దోషం లేదు. తల్లికో తండ్రికో జబ్బు చేస్తే ఏడు రోజులు వెళ్లి రావచ్చు. ఇచ్చిన మాట రాయి కాదని బుద్ధుడికి తెలుసు. ఆయన అడిగింది ఒకటే: దేని కోసం తప్పావు? వరద కోసమా, చీవరం కోసమా?

ఈ కొలబద్ద పట్టుకుని కలకత్తాకు తిరిగి వెళదాం. ఆగస్టు 2న బాబుల్ సుప్రియో వెనక్కి తగ్గడాన్ని మేము తప్పుపట్టలేం. నిజానికి తప్పు జులై 31నే ఉంది. అసన్‌సోల్ ఓటర్లు అయిదేళ్లకు ఎన్నుకున్నారు. టాలీగంజ్‌లో ఓడినందుకో, మంత్రి పదవి పోయినందుకో వాళ్లనెందుకు వదిలేయాలి? పదవి తన సొత్తయినట్టు, తనకు నొప్పి పుడితే విసిరికొట్టవచ్చన్నట్టు మాట్లాడడం త్యాగం కాదు, అలక. ఆ అలక మానుకుంటే మంచిదే. ఎంపీ పదవికి చివరికి రాజీనామా చేశాడు కూడా. అదే వేసవిలో ముకుల్ రాయ్ బీజేపీ ఎమ్మెల్యేగా గెలిచి, జూన్‌లో, సభ్యత్వం వదలకుండానే తృణమూల్‌లోకి వెళ్లాడు. ఫిరాయింపుల చట్టం భయం ఉండనీ లేకపోనీ, సుప్రియో ఆ పని చేయలేదు.

తప్పింది మూడో మాట, ఎవరూ అడగకుండానే ఇచ్చినది: వేరే పార్టీలోకి పోనన్నది. రాజకీయాలు వదిలేస్తానన్నది మనస్ఫూర్తిగానే అన్నాను, తరువాత బెంగాల్‌కు పని చేసే పెద్ద అవకాశం వచ్చింది అన్నాడు సెప్టెంబరులో. మొదటి సగం నమ్ముదాం. మరి ఆ వాక్యాన్ని అంత తొందరగా తుడిచేయడమెందుకు? మనసు మారితే "మారింది, ఇందుకు మారింది" అని అదే చోట రాయవచ్చు. చడీచప్పుడు లేకుండా తీసేస్తే, చదివినవాడు తన కళ్లనే అనుమానించుకోవాలి. మాట తప్పడం కన్నా, మాట ఇచ్చిన గుర్తును చెరిపేయడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది. రాహులుడికి చేసిన ఉపదేశంలో బుద్ధుడు నీళ్ల పాత్ర చూపించి అడిగింది సిగ్గు గురించే: తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివాడిలో శ్రమణత్వం ఎంత మిగిలి ఉంటుందని.

మాట మార్చుకోవలసి వచ్చినప్పుడు ఎలా మార్చుకోవాలో చూపినవాడు కూడా ఆ నగరంలోనే ఉన్నాడు. జోగేంద్రనాథ్ మండల్. 1946లో బాబాసాహెబ్‌కు బొంబాయిలో దారి మూసుకుపోయినప్పుడు, బెంగాల్ శాసనసభ నుంచి ఆయనను రాజ్యాంగ సభకు పంపడంలో ముందు నిలిచినవాడు. విభజన తరువాత మండల్ పాకిస్తాన్‌ను నమ్మాడు. అక్కడి రాజ్యాంగ సభ తొలి సమావేశానికి తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు, న్యాయ, కార్మిక శాఖల మంత్రి అయ్యాడు. తూర్పు బెంగాల్‌లోని తన నామశూద్ర జనం కూడా నమ్మి అక్కడే ఉండిపోయారు. 1950లో మారణకాండ జరిగింది. ఆ ఏడాది అక్టోబరు 8 తేదీతో ప్రధాని లియాఖత్ అలీ ఖాన్‌కు రాజీనామా లేఖ రాశాడు, కలకత్తాలో ఉండిపోయాడు.

ఆ లేఖ చాలా పెద్దది. ముస్లిం లీగ్‌తో ఎందుకు కలిశాడో, ఏ హామీలు నమ్మాడో, ఏ ఊళ్లో ఏం జరిగిందో పేరుపేరునా రాశాడు. తన పాత మాటను దాచలేదు. దాన్ని బల్ల మీద పెట్టి, ఇది ఎలా విరిగిందో చూడండి అన్నాడు. అయినా ఆయనను క్షమించనివాళ్లు ఉన్నారు. ఆయన మాట విని ఆగిపోయినవాళ్లను అక్కడ వదిలి తాను దాటి వచ్చాడన్నది వాళ్ల ఆరోపణ. అందులో నిజముంది. కారణాలు చెప్పినంత మాత్రాన నష్టపోయినవాడి నష్టం తీరదు. కలకత్తాలో శరణార్థుల మధ్య బతికాడు, ఎన్నికల్లో నిలబడ్డాడు, గెలవలేదు, 1968లో చనిపోయాడు. పదవి కోసం వచ్చినవాడని మాత్రం అతడి శత్రువులు కూడా అనలేకపోయారు, ఎందుకంటే ఇక్కడ ఆయనకు ఏ పదవీ రాలేదు.

బాబాసాహెబ్ సంగతి మనకు తెలిసిందే. 1951 సెప్టెంబరు 27న నెహ్రూ మంత్రివర్గానికి రాజీనామా ఇచ్చారు. అంతకుముందే వెళ్లిపోవాలనిపించినా హిందూ కోడ్ బిల్లు కోసం ఆగానని తన ప్రకటనలో చెప్పుకున్నారు. పార్లమెంటులో చదవనివ్వకపోతే బయటికి వచ్చి పత్రికలకు ఇచ్చారు. ఎందుకు ఆగారో, ఎందుకు వెళుతున్నారో రెండూ ఆ కాగితాల్లోనే ఉన్నాయి, ఇప్పటికీ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. సుప్రియో జులై 31 నాటి వాక్యం మాత్రం పత్రికలవాళ్లు ముందే కాపీ చేసి ఉంచుకోబట్టి మనకు మిగిలింది.