కనిపించకుండా పోయిన ఆ 24,165 మంది

ఈ వారం వీడియోలో స్త్రీపర్వం గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక వదిలేసిన ఒక ఘట్టం ఇక్కడ చూద్దాం.

కురుక్షేత్రం ముగిసింది. నూరుగురు కొడుకుల్నీ పోగొట్టుకున్న ధృతరాష్ట్రుడు, ఎంతమంది పోయారో తెలుసా అని ధర్మరాజును అడిగాడు. చనిపోయినవాళ్ల లెక్క కోట్లలో చెప్పాడాయన. అక్కడితో ఆగలేదు. కనిపించకుండా పోయిన వీరులు మరో 24,165 మంది అన్నాడు. చూడండి, అంత పెద్ద లెక్కలో ఆ చివరి అయిదుగురిని కూడా వదల్లేదు!

ఇదంతా నీకెలా తెలిసిందంటే, వనవాసంలో తీర్థయాత్ర చేసినప్పుడు లోమశ మహర్షి వల్ల 'అనుస్మృతి' దొరికిందన్నాడు. అనుస్మృతి అంటే విడవకుండా గుర్తుపెట్టుకోవడం. ఆ తర్వాత విదురుణ్ణి, సంజయుణ్ణి, ధౌమ్యుణ్ణి పిలిచి, నా అనేవాళ్లు లేని ఏ ఒక్కరూ అనాథలా మిగిలిపోకుండా సంస్కారం చేయించమన్నాడు.

ఇది పురాణకాలం నాటి మాటేనా? 1984 మే నెలలో సియాచిన్‌లో, ఆపరేషన్ మేఘదూత్ సమయంలో, ఒక గస్తీ బృందం మీద మంచుచరియ విరిగిపడింది. అందులో 19 కుమావోన్ దళానికి చెందిన లాన్స్ నాయక్ చంద్రశేఖర్ హర్బోలా ఉన్నారు. ఇద్దరు చిన్న ఆడపిల్లల తండ్రి. ఆయన దేహం దొరకలేదు. 2022 ఆగస్టులో, అంటే 38 ఏళ్లకి, ఆ మంచులో అవశేషాలు బయటపడ్డాయి. ఆయన ఎవరో చెప్పింది ఆర్మీ నెంబరు ఉన్న చిన్న లోహపు బిళ్ళ. ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీలో ఇంటివాళ్ల దగ్గరికి చేర్చి, సైనిక లాంఛనాలతో సాగనంపారు.

ఆ 38 ఏళ్లూ ఆ ఇల్లాలు ఎలా గడిపి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. పోయారని నమ్మాలా, వస్తారని ఎదురుచూడాలా? ఇప్పటికీ అలా ఎదురుచూసే ఇళ్లు ఉన్నాయి. 1971 యుద్ధంలో తప్పిపోయినవాళ్ల ఇళ్లూ వాటిలో ఉన్నాయి. ఇంక మర్చిపోండి, కర్మ చేసేయండి అని వాళ్లకి చెప్పడం మన పని కాదండీ. అది వాళ్ల మనసు, వాళ్ల నిర్ణయం.

మరి మనమేం చేయగలం? మన సంప్రదాయంలో దారి ఉంది. పోయిన తిథి తెలియనివారికి మహాలయ అమావాస్య ఉంది. సంతానం లేని యోధుడు భీష్ముడికి మాఘ శుద్ధ అష్టమినాడు అందరూ తర్పణం ఇస్తారు. తండ్రి ఉన్నవాళ్లు కూడా ఇవ్వొచ్చని పెద్దలు చెబుతారు. భీష్ముడు మనకి చుట్టమా? మన గోత్రమా? కాదు. అయినా నీళ్లు వదులుతాం.

అదే భావంతో, ఈ రోజు సాయంత్రం దీపం పెట్టినప్పుడు, ఇంటికి తిరిగిరాని ఒక సైనికుణ్ణి తలచుకోండి. పేరు తెలిస్తే పేరుతో, తెలియకపోతే ఒక నమస్కారంతో. ధర్మరాజు లెక్కలోని ఆ చివరి అయిదుగురి పేర్లూ మనకి తెలియవు కదా!

సర్వే జనాః సుఖినో భవంతు.