కాయకమా? కులవృత్తియా?
ఉన్నత పాఠశాలలో నిర్మాణ విద్య

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరులు నెలకొల్పిన శరణ సమాజము లోకమునకు ఒసగిన మహత్తర భావములలో కాయకము ముఖ్యమైనది. కోటి విద్యలు కూటి కొరకే యని తెలుగునాట సామెత కలదు. శరణులు ఆ మాటను కాదనలేదు. కాని అక్కడితో ఆగలేదు. సత్యశుద్ధముగా చేసిన పని కూటిని ఇచ్చుటయే గాక చేయువానిని శుద్ధి చేయునని, అది పూజకు తీసిపోదని వారు బోధించిరి. ఆ విధముగనే జీవించిరి. ఈ బోధ నేటి విద్యావిధానము ముందు ఒక ప్రశ్నను నిలుపుచున్నది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల బాలబాలికలకు యంత్రముల రచన, గృహనిర్మాణము, వస్తువుల తయారీ మున్నగు విద్యలు నేర్పవలెనా? నేర్పినచో ఎవరికి నేర్పవలెను? మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. ధర్మసూక్ష్మము రెండవదానిలోనే యున్నది.

హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము, దానికి ఆనుకొనియున్న తార్నాక ఈ ప్రశ్నను ఆలోచించుటకు తగిన చోటులు. ఒకప్పుడు ఈ నగరము రాజధానిగా నున్న రాజ్యములోనే శరణుల కల్యాణమును ఉండెను. 1956 లో రాష్ట్రముల పునర్విభజన జరిగిన పిమ్మటనే అది మైసూరు రాష్ట్రమున చేరినది. 1918 లో ప్రారంభమైన ఈ విశ్వవిద్యాలయము దేశభాషయగు ఉర్దూలో ఉన్నత విద్యను బోధింపవచ్చునని నిరూపించినది. అందుకొరకు 1917 లోనే అనువాద సంస్థను నెలకొల్పిరి. 1929 లో ఇంజనీరింగు కళాశాల ఏర్పడినది. సాంకేతిక విద్య పరభాషలోనే సాధ్యమను భ్రమ ఆనాడే తొలగవలసినది. ప్రజల భాషలో పరమార్థమును చెప్పిన వచనకారులకును, జానుతెనుగును ఆదరించిన పాల్కురికి సోమనాథునకును వారసులైనవారికి ఈ విషయము వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ ప్రాంగణమున ఠీవిగా నిలిచియున్న ఆర్ట్స్ కళాశాల భవనమును ఎరుగనివారు అరుదు. దాని నిర్మాణమునకు పూర్వము సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అను ఇరువురు వాస్తుశిల్పులను విదేశములలోని విశ్వవిద్యాలయములను చూచి రమ్మని ప్రభుత్వము పంపినది. బెల్జియం దేశీయుడైన ఎర్నెస్ట్ జాస్పర్ నమూనాను రచించెను. 1934 లో శంకుస్థాపన జరిగినది; 1939 లో ప్రారంభోత్సవము జరిగినది. ఈ పేర్లు, ఈ తేదీలు చరిత్రలో నిలిచినవి. కాని ఆ గులాబీరంగు గ్రానైటును ఉలితో చెక్కి, మట్టము చూచి, ఒక రాతిపై మరొక రాతిని కూర్చిన పనివారి పేర్లను చెప్పగలవారు కానరారు. గీత గీచిన చేతికి ఒక గౌరవము, రాయి చెక్కిన చేతికి వేరొక గౌరవము. ఈ భేదము గోడలలో లేదు. మనుష్యుల మనస్సులలో నున్నది.

తార్నాకలోనిదీ ఇదే పాఠము. 1944 లో హైదరాబాదు సంస్థానము నెలకొల్పిన పరిశోధనాలయము 1956 లో ప్రాంతీయ పరిశోధనాలయమై, నేడు భారత రసాయన సాంకేతిక సంస్థయై ఇచ్చటనే యున్నది. జాతీయ పోషకాహార సంస్థయు ఇచ్చటనే కలదు. కొంత దూరమున లాలాగూడ రైల్వే వర్కుషాపు, మరియొక దిక్కున నాచారము, మల్లాపురము పారిశ్రామిక వాడలు ఉన్నవి. బాటప్రక్క వెల్డింగు దుకాణములకును, వడ్రంగి అడితీలకును కొదువ లేదు. వస్తువు ఊహలో పుట్టుట మొదలుకొని చేతిలో రూపొందుట వరకు గల దశలన్నియు కొద్ది మైళ్ల లోపలనే జరుగుచున్నవి. అయినను ఆ వీధులలో బడికి పోవు బాలునకు ఇవి యన్నియు మూసిన తలుపులే. అతడు పదవ తరగతి మార్కుల కొరకు చదువును. పిదప ఇంటర్మీడియెటులో ఎం.పి.సి. తీసుకొని, చిరకాలము ఎంసెట్ అను పేర జరిగిన ప్రవేశపరీక్షకు రేయింబవళ్లు లెక్కలు వల్లించును. ఆకురాయి పట్టకయే, ఇటుకపై ఇటుక పెట్టకయే ఇంజనీరింగు కళాశాలలో ప్రవేశించును. మార్కులు రాని బాలుని మాత్రము “వీనికి చదువు రాదు, ఐ.టి.ఐ.లో చేర్పుడు” అందురు. చేతిపని ఈ విధముగా ఓడినవారికి విధించు శిక్షయైనది. కాయకమునకు ఇంతకంటె అపచారము వేరొకటి యుండునా?

ఉన్నత పాఠశాలలోనే ఈ విద్యకు చోటు ఈయవలెనన్న భావన క్రొత్తది కాదు. 1937 లో వార్ధా సమావేశమున గాంధీ మహాత్ముడు చేతిపని మూలముగా విద్యను ప్రతిపాదించెను. 1964–66 నాటి కొఠారీ కమిషను పని అనుభవము విద్యలో భాగము కావలెననెను. 2020 జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల మధ్య 10 దినములు పుస్తకముల సంచి లేకుండ పిల్లలు వడ్రంగులు, కుమ్మరులు మున్నగు స్థానిక నిపుణుల వద్ద నేర్చుకొనవలెనని చెప్పినది. పదినాళ్లు పరిచయమునకు చాలును, అభ్యాసమునకు చాలవు.

ఈ విద్యలో కేవలము జీవనోపాధియే కాక శీలశిక్షణయు ఇమిడియున్నది. పరీక్షాపత్రములో తప్పు వ్రాసిన బాలుడు దిద్దినవారిపై నింద వేయగలడు. తాను కట్టిన గోడ రసమట్టమునకు నిలువనిచో ఎవరిని నిందింపగలడు? మూలమట్టము బీదవానికొక కోణము, ధనికునకొక కోణము చూపదు. కొలత తప్పిన తలుపు ఎంత బ్రతిమాలినను చౌకట్టులో పట్టదు. పదార్థము అబద్ధమాడదు, ఆడనీయదు. తన తప్పును తాను చూచుకొని, ఊడదీసి, మరల చేయు ఓర్పు ఉపన్యాసముల వలన అలవడునది కాదు.

ఇచ్చట ఒక బలమైన ఆక్షేపణ కలదు. దానిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. 1953 లో మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారి ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలల పిల్లలు పూటబడికి పోయి, మిగిలిన సమయమున తల్లిదండ్రుల వృత్తి నేర్చుకొనవలెనను పథకమును తెచ్చినది. చాకలి బిడ్డ చాకలిగను, కుమ్మరి బిడ్డ కుమ్మరిగను మిగిలిపోవుటకే ఇది దారితీయునని ప్రజలు తీవ్రముగా ప్రతిఘటించిరి. 1954 లో కామరాజు ముఖ్యమంత్రి కాగా ఆ పథకము రద్దయినది. ఆ ప్రతిఘటనలో సత్యమున్నది. తరతరములుగా అక్షరమునకు దూరము చేయబడిన ఇంటి తండ్రి “నా బిడ్డకు సుత్తి వలదు, పుస్తకము కావలెను” అనుట సోమరితనము వలన కాదు, గాయము వలన. ఆ తండ్రికి చేతిపని మహిమను ఉపదేశించు అర్హత తన బిడ్డ చేతికి మట్టి అంటనీయని వానికి లేదు.

అయినచో కాయకమునకును కులవృత్తికిని భేదమేమి? శరణుల చరిత్రయే దీనికి సమాధానము. మడివాళ మాచయ్య బట్టలుతికెను. మేదర కేతయ్య వెదురు తట్టలల్లెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. వీరందరును అనుభవ మంటపమున మంత్రియగు బసవేశ్వరులతో సమానముగా కూర్చుండి తత్త్వమును చర్చించిరి. మోళిగె మారయ్య కాశ్మీర రాజ్యమును విడిచివచ్చి కట్టెలమోపులు అమ్మెనని సంప్రదాయము చెప్పుచున్నది. రాజు మోపునెత్తెను, పడవవాడు వచనము చెప్పెను. పని పుట్టుక నుండి విడివడినది; జ్ఞానము కులము నుండి విడివడినది. ఈ రెండును ఏకకాలమున జరిగినప్పుడే అది కాయకము. మొదటిది లేక రెండవది లేదు. హరళయ్య కుమారునకు మధువరసుని కుమార్తె నిచ్చి చేసిన వివాహమునకై ఆ తండ్రులు ఇరువురును ప్రాణములర్పించిరి. కులమును అట్లే యుంచి పనిని మాత్రము పొగడియుండినచో వారికి ఆ మరణము తప్పియుండెడిది.

కావున ధర్మము ఇట్లు తేలుచున్నది: నిర్మాణ విద్యను పాఠశాలలో నేర్పినచో అందరికిని నేర్పవలెను, ఒకే బల్లవద్ద నేర్పవలెను. ఆచార్యుని కుమారుడు, వర్తకుని కుమార్తె, తాపీమేస్త్రీ బిడ్డ కలిసి కొలత తీసి, పటము గీచి, చిత్రిక పట్టి, తమ బడికి కావలసిన బల్లను తామే చేయవలెను. అప్పుడు మేస్త్రీ బిడ్డకు తన తండ్రి విద్య విలువయు, వర్తకుని బిడ్డకు తన చేతి అసమర్థతయు తెలియవచ్చును. ఆ బల్లవద్దనే గణితమును, భౌతికశాస్త్రమును నేర్పవలెను. పని పేర పుస్తకమును ఎవరి నుండియు లాగుకొనరాదు. కొందరికి లెక్కలు, కొందరికి సుత్తి యని పంచిన నాడు అది ఎంత ఆధునిక యంత్రశాలయైనను కులవృత్తియే.

మరియొక హెచ్చరిక కూడ కలదు. సొన్నలిగె సిద్ధరాముడు చెరువు త్రవ్వించి, గుడులు కట్టించి ప్రజాసేవ చేసిన మహనీయుడు; శరణులలో ఇంజనీరు అనదగినవాడు. అట్టివానిని కూడ అల్లమప్రభువు నిలదీసెను. కట్టువాడు తన్ను తానెరుగక కట్టినచో ఆ కట్టడము అహంకారమునకు నెలవగునని ఆ సంవాద సారము. ఆయ్దక్కి లక్కమ్మ కథయు దీనికి తోడు. భర్త మారయ్య నిత్యావసరమునకు మించి బియ్యము ఏరి తేగా, అధికమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. ఎట్లు తయారుచేయవలెనో నేర్పు విద్య ఎంత తయారుచేయవలెనో, ఎవరికొరకో కూడ నేర్పవలెను. కాలువలోనికి విషమును వదలు కర్మాగారము నేర్పు గలదే కావచ్చును. దానియందు దాసోహము లేదు.

పాఠశాలలను, విద్యార్థి వసతిగృహములను నడుపు మఠములకు ఇది దూరపు కార్యము కాదు. ఒక గది, కొన్ని పనిముట్లు, పనివానిని గురువుగా అంగీకరించు మనస్సు చాలును. మొదటి రెండును ధనముతో వచ్చును. మూడవది తెచ్చుట కష్టము. సమీపమునందలి వడ్రంగిని, మేస్త్రీని తరగతిలోనికి పిలిచి, ఉపాధ్యాయునితో సమానమైన ఆసనమిచ్చి, విద్యార్థులచేత నమస్కారము చేయించిన దినమున అనుభవ మంటపము ఆ గదిలో తిరిగి వెలయును. ఇంట తల్లిదండ్రులును తమ బిడ్డ చేతిలోని మార్కుల పత్రమును చూచినంత శ్రద్ధతో ఆ చేతిలోని కాయకాయను కూడ చూడగలిగినచో, కాయకము పీఠముపై నుంచి పూజించు మాటగా మిగిలిపోక బిడ్డల బ్రతుకులో ప్రవేశించును.