అడుగనిచ్చు ప్రేమ

ఆకలి యని బిడ్డ నోరు తెఱువకమునుపే ముద్ద కలిపి పెట్టుట మన యిండ్లలో తల్లులకు, అమ్మమ్మలకు పుట్టుకతో వచ్చిన గుణము. ఆ గుణమును కొంత అదుపులో నుంచుకొనుట నా భార్య అఱువదియెనిమిదవ యేట, న్యూజెర్సీలోని మా అమ్మాయి వంటయింట, మూడేండ్ల మనుమని యెదుట నేర్చుకొనెను.

రెండేండ్లు నిండినను వాడు పిలిచిన పలుకక, బొమ్మకారును బోర్లించి చక్రమును త్రిప్పుకొనుచు గంటలకొలది కూర్చుండెడివాడు. మగపిల్లలకు మాటలు ఆలస్యమని గుంటూరునుండి మేము ఫోనులో చెప్పిన ధైర్యమువలన ఆరు నెలలు వ్యర్థమయ్యెనని తలచినపుడెల్ల నా మనస్సు కలుక్కుమనును. ఆటిజమని తేలిన పిమ్మట, గర్భవతిగా నుండి ఉద్యోగము చేసితివా, ఫోను చూపితివా యని చుట్టములు కొందఱు మా అమ్మాయినే అడిగిరి. ఈ నింద క్రొత్తది కాదు. 1943లో బాల్టిమోరు వైద్యుడు లియో కానర్ పదునొకండుగురు పిల్లల లక్షణములను వర్ణించిన పిదప, తల్లుల మమతాశూన్యతయే దీనికి హేతువను వాదము చిరకాలము చెలామణి యయ్యెను. అట్టి బిడ్డకు తండ్రియైన మనస్తత్త్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో గ్రంథము వ్రాసి, దీని మూలము శరీరతత్త్వమున నున్నదే గాని పెంపకమున లేదని వాదించులోపల ఎందఱు తల్లులు లోలోన కుమిలిపోయిరో!

వైకల్యము గల పిల్లలకును ఉచితవిద్య హక్కని అమెరికాలో 1975నాటి చట్టము నిర్ణయించెను. 1986లో అది పసిబిడ్డలకును విస్తరించెను. ఆ యేర్పాటువలన మా మనుమనికి మూడేండ్లు నిండువఱకు థెరపిస్టులు ఇంటికే వచ్చిరి. ఆపైన ఆ బాధ్యత స్థానిక పాఠశాలలది. అచ్చట ఐ.ఇ.పి. అను, ఆ బిడ్డకే ప్రత్యేకమైన విద్యాప్రణాళికను వ్రాయు సభలో తల్లిదండ్రులు అతిథులు కారు, సభ్యులు. పెద్దలకెదురాడరాదని పెరిగిన మా అమ్మాయి మొదటి సభలో తలయూపి వచ్చెను. రెండవ సభకు ప్రశ్నలు వ్రాసికొని పోయెను.

అన్నిటికంటె నొప్పించినది మఱొకటి. ఇంట ఇంగ్లీషే మాటాడుడని ఒక ఉపాధ్యాయిని చెప్పగా, ఆ భాష రాని మా ఆవిడ శీతకాలమంతయు మనుమని యెదుట మూగయై కూర్చుండెను. రెండు భాషలు వినుటచేత ఇట్టి పిల్లల మాట మఱింత వెనుకబడదని పరిశోధనలు తెలుపుచున్నవని పిదప వచ్చిన స్పీచ్ థెరపిస్టు చెప్పినపుడు ఆమె కన్నుల నీరు తిరిగెను.

పటముల పద్ధతిని నేర్పినది ఆ థెరపిస్టే. పొరుగునున్న డెలావేరులో 1985లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనువారు రూపొందించిన ఈ పద్ధతిలో బిడ్డ తనకు కావలసినదాని పటమును ఎదుటివారి చేతిలో పెట్టవలెను. పెట్టిన తక్షణమే ఆ వస్తువు నీయవలెను. మొదట “కావాలా నాన్నా” యని కూడ అడుగరాదు. ఒకచేత పెరుగన్నము గిన్నె, రెండవ చేయి చాచి, నోరు కట్టుకొని ఆమె కూర్చుండెను. తొలినాడు వాడు కొంగు పట్టి లాగి యేడ్చెను. లోపలికి పోయి ఆమెయు నేడ్చెను. తొమ్మిదవనాడు, అంచు నలిగిన ఆ పటము ఆమె యఱచేతిలో పడెను. “పెరుగన్నం!” అని ఆమె ముద్ద వాని నోట పెట్టెను.

తెలుగు సంఘముల పెద్దలకు నా విన్నపమొకటి: పండుగ సభలలో మైకుల హోరు సోకని గది నొకదానిని ఈ పిల్లలకు విడిచి యుంచుడు. మొన్నటి సంక్రాంతికి చెవులకు హెడ్‌ఫోన్లతో వాడు భోజనముల వరుసలో నిలిచి, వడ్డించు ఇల్లాలికి పటము చాచెను. ఆమె ఒక్కక్షణము తెల్లబోయి, పిదప దానినందుకొని, పెరుగన్నము వడ్డించి, పటమునకంటిన పెరుగును కొంగుతో తుడిచి వాని చేతికి మరల నిచ్చెను.