తిరిగి వస్తావా?

అమెరికాలో చదువుకోడానికి వీసా అడిగే విద్యార్థిని కాన్సులేటులో ఎన్ని ప్రశ్నలు వేసినా, వాటి అడుగున ఉండే ప్రశ్న ఒకటే: చదువయ్యాక తిరిగి వస్తావా? అక్కడి 1952 నాటి వలస చట్టంలో 214(బి) అనే సెక్షను ఉంది. దాని ప్రకారం విద్యార్థి వీసాకి వచ్చిన ప్రతివాడూ అక్కడే ఉండిపోడానికి వస్తున్నాడని ముందుగా అనుకోవాలి. కాదని రుజువు చేసుకునే భారం అడిగినవాడిదే. దొంగతనం కేసులో బోనెక్కినవాడు కూడా నేరం రుజువయ్యేదాకా నిర్దోషే. పుస్తకాల సంచీతో వెళ్లినవాడికి ఆ పాటి మర్యాద లేదు.

ఇది అన్యాయం అని మా క్లాసులో చాలామంది అన్నారు. నేను అలా అనను. ఇల్లు వాళ్లది, గుమ్మం దగ్గర అడిగే హక్కు వాళ్లకి ఉంది. నన్ను పట్టుకున్న సంగతి వేరు. రెండేళ్ల తరవాత తను ఎక్కడ ఉంటాడో, ఏం చేస్తాడో ఎవడు చెప్పగలడు? తెలియని దానికి "తప్పకుండా వస్తాను" అంటే అది అబద్ధం అవుతుందా, అవదా?

మన ఊరి మనిషి సంగతే చూడండి. వరాహగిరి వెంకటగిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టేరు. 1913లో లా చదవడానికి ఐర్లండులోని డబ్లిన్ వెళ్లేరు. మనమూ, ఐర్లండు వాళ్లూ అప్పుడు ఒకే రాజు కింద ఉండేవాళ్లం కాబట్టి వీసా గొడవ లేదు. ఓడ టిక్కెట్టుకీ ఫీజుకీ డబ్బుంటే చాలు. 1916లో ఈస్టర్ పండగ వారంలో డబ్లిన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం మీద తిరుగుబాటు జరిగింది. ఆ తిరుగుబాటుదార్లతో సంబంధం ఉందన్న అనుమానంతో గిరిగార్ని దేశం విడిచి పొమ్మన్నారు. ఆ ఏడే ఆయన తిరిగి వచ్చేసేరు.

బయలుదేరే రోజున ఒక అధికారి ఆయన్ని ఆపి, "అక్కడ రాజకీయాల్లో దిగుతావా?" అని అడిగేడనుకోండి. ఆ కుర్రవాడు "లేదండి, లా చదువుకోడానికి వెళ్తున్నాను" అనే అని ఉండేవాడు. అది నిజమే గదా! మూడేళ్ల తరవాత జరిగినది చూసి, ఆ రోజు అబద్ధం ఆడేడని ఎవరూ అనలేరు. ఆ రోజు మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్తే అది నిజం. తరవాత మనసు మారడం వేరు, ఆ రోజే మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి చెప్పడం వేరు. అందుకే "ఇప్పటికైతే తిరిగి రావాలనే ఉంది" అని నిజంగా అనిపించినవాడు "వస్తాను" అంటే అందులో తప్పు నాకు కనిపించదు. అంతకంటె ఎక్కువ ఎవరూ ఇవ్వలేరు, ఏ ప్రభుత్వమూ అడగలేదు.

ఇంకో మాట. తిరిగి రావడమే గొప్ప అనుకుంటే, గిరిగారు తనంతట తాను రాలేదు, పంపించేస్తే వచ్చేరు. ఆయన గొప్ప అంతా వచ్చేక చేసిన పనిలో ఉంది. రైల్వే కార్మికుల సంఘాల్లో పని చేసేరు, 1969లో రాష్ట్రపతి అయ్యేరు. మరి మన గంజాం జిల్లా నుంచి ఒకప్పుడు గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్లిన కూలీలు, ఇప్పుడు సూరత్ పవర్‌లూమ్‌లకి వెళ్తున్నవాళ్లు, వీళ్లని ఎవరూ తిరిగి వస్తావా అని కాగితం మీద అడగలేదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలోదే, సూరత్ ఇప్పుడు మన దేశంలోదే. అయినా రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణి యాత్ర వచ్చిందంటే సూరత్ బండ్లలో కాలు పెట్టడానికి చోటుండదు. రుజువులు అడగనివాళ్లు కూడా వస్తూనే ఉన్నారు. (మన తెలుగువాళ్ల సంగతి ఇంకా చిత్రం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మన తాతలు ఉన్నచోటినుంచి అడుగు కదపలేదు, రాష్ట్రమే మారింది.)

అయితే మాటతో తేలిపోయే ప్రశ్న ఒక్కటే ఉండదు. డబ్బు ప్రశ్న కూడా ఉంటుంది. మొదటి ఏడాది ఖర్చు భరించగలమని బ్యాంకు కాగితాలతో చూపించాలి. మా పెదనాన్నగారి అబ్బాయి ఎమ్మెస్‌కి సీటు తెచ్చుకున్నప్పుడు అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఒక ఏజెంటు ఇంటికొచ్చి, "నెల రోజులు ముప్ఫై లక్షలు మీ అకౌంటులో ఉంచుతాం, వడ్డీ ఇచ్చెయ్యండి, వీసా అయ్యేక మా డబ్బు మేం తీసుకుంటాం" అన్నాడు. పెదనాన్న అప్పటికే సగం ఒప్పేసుకున్నారు.

"ఎవరికిరా నష్టం? ఎవరి డబ్బు వాళ్లకే పోతుంది. ప్రాణం, మానం, ధనం పోయేచోట అబద్ధం ఆడొచ్చని శుక్రాచార్యుడే చెప్పేడు" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే, భాగవతంలో ఉంది. కాని శుక్రాచార్యుడు ఆ మాట చెప్పింది బలి చక్రవర్తికి. బలి వినలేదు. పోతన గారి పద్యాలు వల్లించే మనం చేతులెత్తి దణ్ణం పెట్టేది వినని ఆ బలికే.

అకౌంటులో డబ్బు నిజంగానే ఉంది కాబట్టి అది అబద్ధం కాదని కూడా ఏజెంటు వాదించేడు. కురుక్షేత్రంలో అశ్వత్థామ అనే ఏనుగు కూడా నిజంగానే చచ్చిపోయింది. అయినా ద్రోణుడు విన్నది కొడుకు చావుకబురే. ధర్మరాజుకి ఆ సంగతి తెలుసు. తెలిసే అన్నాడు.

ఇక ఎవరికి నష్టం అన్నది. 2019 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుట్టు బయటపడింది. పాఠాలు లేవు, మాస్టార్లు లేరు. చదువు పేరుతో వీసా నిలబెట్టుకుని ఉద్యోగాలు చేసుకునేవాళ్లని పట్టుకోడానికి అక్కడి ప్రభుత్వమే దొంగచాటుగా నడిపిన యూనివర్సిటీ అది. 129 మంది భారతీయ విద్యార్థుల్ని నిర్బంధించేరు. చాలామంది తెలుగువాళ్లు. వాళ్లని చేర్పించిన ఎనిమిది మంది మీద కేసులు పెట్టేరు. ప్రభుత్వం అలా వల పన్నడం నాకు నచ్చలేదు. అబద్ధాన్ని పట్టుకోడానికి తానే అబద్ధం ఆడితే ఇంక ఎవరు ఎవర్ని తప్పు పట్టాలి? వలలో పడ్డవాళ్లలో తెలిసి చేరినవాళ్లూ ఉంటారు, ఏజెంటు మాట నమ్మి చేరినవాళ్లూ ఉంటారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడమూ న్యాయం కాదు.

కాని నేను ఎక్కువ ఆలోచించింది వాళ్ల వెనక క్యూలో నిలబడ్డవాడి గురించి. పెద్ద బజారులో ఒకసారి దొంగ ఐదువందల నోటు దొరికిందంటే, ఆ వారమంతా కోమటి ప్రతివాడి నోటూ వెలుతురుకి పట్టి చూస్తాడు. దొంగ నోటు ఇచ్చినవాడు ఎప్పుడో వెళ్లిపోయేడు. చెమటోడ్చి సంపాదించిన నోటు పట్టుకొచ్చినవాడు దొంగలా నిలబడాలి. వీసా క్యూలో కూడా అంతే. అరువు తెచ్చిన ముప్ఫై లక్షల వల్ల అనుమానం పడేది, ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టి నిజమైన లోను కాగితం తెచ్చుకున్నవాడి మీద. నష్టపోయినవాడు మనకి కనిపించడు కాబట్టి నష్టం లేదనుకుంటాం.

అన్నయ్య ఏజెంటుని వద్దన్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో విద్యా రుణం తీసుకున్నారు. ఒడిశా వాళ్లకి కాన్సులేటు హైదరాబాదులోనే కాబట్టి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లేడు. ఇంటర్వ్యూ మూడు నిమిషాలు కూడా పట్టలేదట. అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పేడు. చేతిలో 214(బి) కాగితం పెట్టి పంపించేసేరు.

నిజం చెప్తే వీసా వస్తుందని నేనెవరికీ చెప్పలేను. అబద్ధం ఆడితే వచ్చేదేమో కూడా. అన్నయ్య మళ్లీ ఫీజు కట్టేడు, మళ్లీ అవే కాగితాలు పట్టుకెళ్తానంటున్నాడు. పెదనాన్న ఏమీ అనడం లేదు. ఏజెంటు నంబరు మాత్రం ఆయన ఫోన్లో ఇంకా అలాగే ఉంది.