చిన్న చేతుల ప్రార్థన

ధ్యాన భాగము: యెహోషువ 4:1–7

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన దినమున దేవుడు వారికొక పని చెప్పెను. గోత్రమున కొక్కడు చొప్పున పన్నిద్దరు మనుష్యులు నది నడుమనుండి పన్నెండు రాళ్లు మోసికొని రావలెను. ఎందుకు? ముందు కాలమున పిల్లలు వాటిని చూచి, ఇవి ఏమిటని అడుగుదురు. అప్పుడు పెద్దలు చెప్పవలెను. ప్రియ చదువరీ, ఈ క్రమమును గమనింపుము. మొదట రాయి, తరువాత పిల్లవాని ప్రశ్న, ఆ తరువాత పెద్దల బోధ. మనమో బోధతో మొదలుపెట్టి, ప్రశ్నకు చోటియ్యక ముగించి, రాతిని బొత్తిగా మరచుచున్నాము.

పిల్లల ఆరాధనలో మట్టి, ఆకులు, నూలు, రంగులు వాడవచ్చునా? కొందరు పెద్దలు, "ఇది ఆట, దేవుని సన్నిధిని భయభక్తు లుండవలెను" అందురు. మరికొందరు, "ఏదో యొకటి చేయింపనిదే పిల్లలు కుదురుగా కూర్చుండరు" అందురు. ఈ రెండు మాటలు వేరుగా కనబడినను, రెంటిలోను చేతిపని ప్రార్థనకు వెలుపలిదే. మొదటివారికి అది ఆటంకము. రెండవవారికి అది ఎర.

లేఖనము అట్లు చెప్పుట లేదు. దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపినది ప్రసంగించుటకు గాదు. బంగారము, ఇత్తడి, రాయి, కఱ్ఱ పని చేయుటకే (నిర్గమ 31). బాలుడైన సమూయేలు దేవుని స్వరము విన్న రాత్రి గడచిన తరువాత, ఉదయమున లేచి మందిరపు తలుపులు తీసెను (1 సమూయేలు 3). చెవితో విన్నవాడే చేతితో సేవించెను.

ఇది మనకు క్రొత్తదియు గాదు. 1833లో కటకములో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన శ్రీకాకుళము, పర్లాకిమిడి సీమవారే. ఆయన కీర్తనలు రాగ తాళములతో కూడినవి. తాత ప్రక్కను కూర్చుండి, తొడమీద తాళము వేయుచు వాటిని నేర్చుకొనిన బిడ్డ చేతితోకూడ ప్రార్థించెను. దూరదేశమున సయితము ఈ సంగతిని కనుగొనినవారున్నారు. 1954లో రోమునందు సోఫియా కవల్లెత్తి అను విదుషి, పిల్లల చేతికి కాపరి, గొఱ్ఱెల బొమ్మల నిచ్చి మంచి కాపరిని గూర్చి ధ్యానింపజేయు పద్ధతిని ఆరంభించెను. ఆమెకు మార్గము చూపినది మరియా మాంటిసోరి బోధ. ఆ మాంటిసోరిగారు 1939లో మద్రాసునకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి.

విలువగల బొమ్మలు మనకక్కరలేదు. నాగావళి, వంశధార ఒడ్డున గులకరాళ్లున్నవి. ఆదివారపు బడిలో ప్రతి బిడ్డయు ఒక రాతిని పట్టుకొని, ఆ వారము దేవుడు చేసిన మేలొకటి తలంచి, దానిని కుప్పలో ఉంచవచ్చును. పొందూరులో నూలు వడకువారు కొండపత్తిని వాలుగ చేప దవడ యెముకతో దువ్వి శుభ్రపరతురు. దుమ్ముగల పత్తిని బిడ్డ చేతిలో పెట్టి, మలినమును మెల్లగా తీయనిండు. ఒక్కసారిగా లాగిన యెడల పోగు తెగును. దేవుడు మన హృదయమును ఎంత ఓర్పుతో శుద్ధిచేయునో ఆ వ్రేళ్లకు తెలియును. తీరపు గ్రామములలో త్రాటి ముక్క దొరకని యిల్లు లేదు. దూరముననున్న యొక్కొక్కరి పేరట ఒక్కొక్క ముడి వేయుట విజ్ఞాపన ప్రార్థన యగును.

అయితే అసలైన పరీక్ష ఇక్కడనే వచ్చును. మన తీరపు జాలరులు బ్రతుకుదెరువునకై గుజరాతులోని వేరావలు వరకు పోవుచుందురు. 2018 నవంబరులో అట్లు పోయినవారు కొందరు పాకిస్తాను వారికి చిక్కి, 2020 జనవరిలో విడుదలయైరి. ఆ పదునాలుగు నెలలు వారి బిడ్డలు ఏమని ప్రార్థించియుందురు? అట్టి బిడ్డ యొకడు త్రాటిని క్రింద పెట్టి, "నేను ముడి వేయనమ్మా. మా అయ్య యింకా రాలేదు" అనిన యెడల ఉపాధ్యాయిని ఏమి చేయవలెను?

వాని చేయి పట్టుకొని ముడి వేయింపవచ్చును. "దేవుడు తప్పక పంపును, స్తోత్రము చెప్పుము" అని పలికింపవచ్చును. అప్పుడు త్రాడు పూర్తియగును, తరగతి సక్రమముగా ముగియును. కాని ఆ బిడ్డ దేవుని యెదుట అబద్ధమాడుట నేర్చుకొనును. తనకు తెలియని వాగ్దానమును దేవుని పేరట చేయుటకు మనలో ఎవరికి అధికారమున్నది? దావీదే, ఎన్నాళ్లు మరచియుందువని దేవుని నడిగెను (కీర్తన 13). పెద్దలకు చెల్లిన ఆ స్వాతంత్ర్యము పిల్లలకు చెల్లదా? ముడి లేని ఆ త్రాటిని తక్కిన వాటి నడుమనే ఉంచుడి. అదియు ప్రార్థనయే, బహుశః ఆ దినమున అన్నిటికంటె సత్యమైన ప్రార్థన.

కావున, చేతిపని ఆటయా ఆరాధనయా అను ప్రశ్నకు జవాబు మట్టిలోను నూలులోను లేదు. బిడ్డ తన మాట తాను చెప్పుటకు అది తోడ్పడినచో ఆరాధన. మనము కోరిన మాటను వానిచేత చెప్పించుటకు వాడినచో, అది ఎంత భక్తిగా కనబడినను, దారపు బొమ్మలాట. ఎవరి పని అందముగా నున్నదని బహుమానము లియ్యకుడి. బహుమానము చూచు కన్ను పరలోకపు తండ్రివైపు చూడనేరదు. పని ముగిసిన తరువాత కొంతసేపు మౌనముగా నుండుడి. బిడ్డ అడిగిన ప్రశ్నకు జవాబు తెలియనిచో, తెలియదని చెప్పి, వానితో కూడ మోకరించుడి.

పిల్లలను తీసికొనివచ్చిన వారిని శిష్యులు గద్దించినప్పుడు ప్రభువు కోపపడెను. బిడ్డలను ఎత్తి కౌగిలించుకొని, వారిమీద చేతులుంచి ఆశీర్వదించెను (మార్కు 10). వారు ఏమి ప్రార్థించిరో సువార్తికుడు వ్రాయలేదు. వారిని ఆయనయొద్దకు రానిచ్చుటయే పెద్దల పని. అట్టి ఓర్పును ప్రభువు మన సంఘములలోని తలిదండ్రులకును ఉపాధ్యాయులకును దయచేయును గాక. ఆమేన్.