పరుల సొమ్ము, భద్రత

కొల్లగొన్న సొమ్మును కొల్లగొన్నవాడు మిక్కిలి భద్రముగా దాచినచో, అది వాని సొత్తగునా? ఈ ప్రశ్న వినుటకు హాస్యముగా తోచును. లండనులోని బ్రిటిష్ మ్యూజియమున బెనిన్ నగరపు ఇత్తడి శిల్పముల యెదుట నిలిచినవారికి మాత్రము హాస్యము కాదు.

బెనిన్ నేటి నైజీరియాలోని ప్రాచీన రాజధాని. అచ్చటి రాజును ఓబా యందురు. ఓబా మరణింపగా, సింహాసనమెక్కిన కుమారుడు తండ్రి పేర ఇత్తడి శిరస్సును పోయించి పితృవేదికపై నుంచుట యాచారము. ఇగున్ వీధిలోని పోతపనివారు తరతరములుగా మైనముతో బొమ్మను చేసి, దానిపై మట్టి పొదిగి, కాల్చి, మైనము కరగిపోయిన చోట లోహమును పోయుదురు. మన ఉత్సవవిగ్రహములను పోయు విధమును ఇట్టిదే. కావున నవి చూచి యానందించుటకు మాత్రమే చేసినవి కావని మన చదువరులకు వేరుగ చెప్పనక్కఱలేదు.

1897 జనవరిలో బెనినునకు పోవుచున్న ఆంగ్లేయాధికారులు దారిలో చంపబడిరి. ఫిబ్రవరిలో ఆంగ్లసేన ప్రతీకారమునకై వచ్చి, నగరమును పట్టుకొని, వేలకొలది శిల్పములను తరలించుకొనిపోయెను. ఓబా ఓవొన్రామ్వెన్ కలబారునకు ప్రవాసము పంపబడి, 1914లో అచ్చటనే మరణించెను.

తమయొద్ద నవి భద్రముగా నున్నవనియు, లోకమంతయు చూచుచున్నదనియు కాపాడువారి వాదము. దీనిని మేము తేలికగా త్రోసివేయము. అమరావతి శిలలను సున్నమునకై కాల్చుకొన్నవారు మన తెలుగువారే. మిగిలినవానిలో కొన్ని 1859లో లండను చేరి, నేడు అదే మ్యూజియమున నున్నవి. ఈ సిగ్గును దాచుకొనరాదు. కాని బెనిను శిరస్సులు దిక్కులేక పడియుండినవి కావు. పూజలందుచు వేదికలపై నుండగా తీయబడినవి. ఇక లోకము చూచుట యెంత? ఆ మ్యూజియమునందలి తొమ్మిదివందల పైచిలుకు బెనిను వస్తువులలో అధికభాగము గిడ్డంగులలోనే యున్నవి. 1977లో లాగోసున ఆఫ్రికా కళోత్సవము జరిగినప్పుడు, రాజమాత ఇడియా దంతపు ముఖమును ఎరువడిగినను ఇయ్యలేదు.

మఱియొక యాక్షేపము మమ్ము ఎక్కువగా కలచినది. ఆ ఇత్తడిలో చాలభాగము ఐరోపా వర్తకులు తెచ్చిన కడియములను కరగించినది. ఆ కడియములకు బదులుగా మనుష్యులనుగూడ అమ్మిరి. అమ్ముడుపోయినవారి సంతతివారు కొందఱు, ఆ లోహము తమ పూర్వుల వెల గనుక తమకును పాలు కలదని అమెరికానుండి అడుగుచున్నారు. ఈ మాటకు బెనిను రాజవంశము జవాబు చెప్పవలసియే యున్నది. అయినను దాయాదుల తగవు తీరునంతవఱకు సొమ్ము మూడవవాని యింటనే యుండవలెనను ధర్మమును మేమెఱుగము.

జర్మనీ 2022లో వేయికి పైబడిన వస్తువులపై హక్కును నైజీరియాకు ఒప్పగించి, ఆ డిసెంబరులో 20 శిల్పములను స్వయముగా అందించెను. 2025లో నెదర్లాండ్సు 119 తిరిగి యిచ్చెను. బ్రిటిష్ మ్యూజియము మాత్రము 1963 నాటి చట్టము అడ్డమనుచున్నది. ఆ చట్టమును చేసినది వారి పార్లమెంటే.